మందారం మీద ప్రాజెక్టు మంచిదే, ఎం.ఫార్మసీ దారి మాత్రం కాదు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి కడపలో బీఎస్సీ కెమిస్ట్రీ మేజర్, బోటనీ మైనర్‌తో మూడో సంవత్సరం చదువుతోంది. ఎర్ర మందారంలో ఏయే రసాయనాలున్నాయి, వాటికి ఔషధ గుణం ఎంత అన్నదాని మీద ప్రాజెక్టు చేస్తానంటోంది. తర్వాత ఎం.ఫార్మసీలో ఫార్మకోగ్నసీ (మొక్కల నుంచి వచ్చే మందుల శాస్త్రం) తీసుకుంటుందట. పూల మీద ప్రాజెక్టు చేస్తే రేపు ఉద్యోగానికి ఏమైనా పనికొస్తుందా?

జవాబు: ముందు ఎం.ఫార్మసీ సంగతి తేల్చేద్దాం. అది బి.ఫార్మసీ చేసినవాళ్లకే. బీఎస్సీలో ఎన్ని మార్కులొచ్చినా ఆ సీటు రాదు. దానికోసం ఇప్పుడు బి.ఫార్మసీ మొదటి ఏడాదిలో చేరి ఇంకో నాలుగేళ్లు పోగొట్టుకోవడం నాకైతే సమ్మతం కాదు.

మీ అమ్మాయికున్న బలం కెమిస్ట్రీ. ఏపీ పీజీసెట్ రాసి కడపలో యోగి వేమన, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ లాంటి విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయొచ్చు. ఆర్గానిక్ స్పెషలైజేషన్ అయితే మరీ మంచిది. ఆపైన మొక్కల రసాయనాల మీదే వెళ్లాలంటే పరిశోధనకు అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్‌లో కెమికల్ సైన్సెస్ రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం వస్తే నెలకు 37,000 రూపాయలతో పీహెచ్‌డీ చేయొచ్చు. కేంద్ర ఫార్మా విద్యాసంస్థ నైపర్‌లో నేచురల్ ప్రొడక్ట్స్ కోర్సు ఎమ్మెస్సీ ఆర్గానిక్ వాళ్లకూ ఉంటుంది, అయితే గేట్ లాంటి అర్హత స్కోరు అడుగుతారు. ఏ యేటి నోటిఫికేషన్ ఆ యేడు చూసుకోండి. పరిశోధన వద్దనుకుంటే హైదరాబాద్ మందుల కంపెనీల క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబులున్నాయి. అక్కడ ఏ పువ్వు మీద చేశావని ఎవరూ అడగరు. హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని రసాయనాలను విడదీసి కొలిచే యంత్రం) ముట్టుకున్నావా, బ్లాంక్ (పోలిక కోసం పెట్టే నమూనా) ఎందుకు పెట్టావు అని అడుగుతారు.

కాబట్టి ప్రాజెక్టు విలువంతా ఎలా చేసిందన్న దాంట్లోనే ఉంటుంది. దేవుడి పటాల కోసం ఇంటింటా పెంచే మందారాల్లో సంకర రకాలు ఎక్కువ. నాలుగిళ్ల పూలు కలిపేస్తే ఏ రకానికి ఏ ఫలితం వచ్చిందో తెలియదు. ఒంటిరెక్క ఎర్ర మందారం ఒకే చోట నుంచి కోయాలి. పూలు, ఆకులున్న కొమ్మతో హెర్బేరియం షీటు (ఎండబెట్టి కాగితానికి అతికించిన నమూనా) చేసి, బోటనీ శాఖలో గుర్తింపు ధ్రువీకరణ, ఆ నమూనాకిచ్చే వోచర్ నంబరు తీసుకోవాలి. ఇది లేకుండా పేపర్ పంపితే పరిశోధన పత్రికల వాళ్లు తిప్పి పంపుతారు.

కడప ఎండకు మిద్దె మీద పరిస్తే ఒక్క పూటలో ఎండిపోతాయి, రంగూ పోతుంది. నీడలో, గాలి తగిలేచోట పలచగా ఆరబెట్టాలి. పువ్వులో నీరే ఎక్కువ కాబట్టి 100 గ్రాముల పొడి కావాలంటే కిలోకు పైగానే పూలు కోయాలి. ఆ పొడిని లీటరు 70 శాతం ఇథనాల్‌లో మూడు రోజులు చీకట్లో నానబెట్టి, మధ్యమధ్య కుదుపుతూ ఉండాలి. ఉత్త నీళ్లలో నానబెడితే జిగురు దిగి వడపోత కాగితం మూసుకుపోతుంది, ఒక్క చుక్కా కిందికి రాదు. సాక్స్‌లెట్ (వేడి ద్రావణితో సారం తీసే పరికరం)తో త్వరగా అవుతుంది కానీ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు వేడికి విరిగిపోతాయి. అందుకే ద్రావణిని ఆవిరిచేసే రోటరీ ఎవాపరేటర్‌ను కూడా 40 డిగ్రీలు దాటనివ్వకూడదు.

ఇక పరీక్షల దగ్గర చాలామంది బోల్తాపడతారు. ఫ్లేవనాయిడ్లనే మొక్కల రసాయనాల కోసం చేసే షినోడా పరీక్షలో మెగ్నీషియం ముక్క, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి ఎరుపు రాగానే 'ఉన్నాయి' అని రాసేస్తారు. మందార ద్రావణం ఉత్త ఆమ్లానికే ఎర్రబడుతుంది కదా! మెగ్నీషియం లేకుండా ఆమ్లం మాత్రమే వేసిన గొట్టం పక్కన పెట్టుకుని పోల్చాలి. యాంటీ ఆక్సిడెంట్ గుణం చూసే డీపీపీహెచ్ అనే ఊదారంగు రసాయనానిది ఇంకో తంటా. 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3.9 మిల్లీగ్రాములు కరిగిస్తే 0.1 మిల్లీమోలార్ వస్తుంది. నమూనా కలిపి 30 నిమిషాలు చీకట్లో ఉంచి 517 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతి పీల్చుకుందో చదువుతారు, అది తగ్గిన కొద్దీ గుణం ఎక్కువని లెక్క. ఆంథోసయనిన్లు కూడా దాదాపు అక్కడే కాంతిని పీల్చుకుంటాయి. డీపీపీహెచ్ కలపని నమూనాను బ్లాంక్‌గా పెట్టి ఆ రీడింగు తీసేయకపోతే అసలున్న గుణం కన్నా తక్కువ కనిపిస్తుంది. రంగు నిలవాలని ద్రావణిలో ఆమ్లం కలిపి ఉంటే, బ్యాక్టీరియా పరీక్షలో ఆ ద్రావణినే విడిగా కంట్రోల్‌గా (పోలిక కోసం) పెట్టాలి. జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) వచ్చింది పువ్వు వల్లనా, ఆమ్లం వల్లనా అని వైవాలో మొదట అడిగేది అదే.

ఎలుకల మీద ప్రయోగం జోలికి వెళ్లొద్దు. కాలేజీకి జంతు నైతిక కమిటీ అనుమతి ఉండాలి, డిగ్రీ ప్రాజెక్టులో అది అయ్యే పని కాదు. చివర్లో 'మందారం షుగరుకు మందు' అని రాయనివ్వకండి, గాజుగొట్టంలో కనిపించినదంతా ఒంట్లో జరగదు. మనుషుల్లో పరీక్షలు జరిగిన మొక్క కావాలంటే దీని చుట్టం ఎర్ర గోంగూర ఉంది. దాని రక్షక పత్రాల టీని రోజుకు మూడు కప్పులు, ఆరు వారాలు తాగిన వాళ్లలో పై రక్తపోటు దాదాపు 7 పాయింట్లు తగ్గినట్టు 65 మందిపై చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. ఉత్తుత్తి టీ తాగినవాళ్లలో తగ్గింది ఒక పాయింటు చిల్లరే.

ఖర్చు మీద భయపడనక్కర్లేదు. రసాయనాలు చాలావరకు కాలేజీ ల్యాబులో ఉంటాయి, డీపీపీహెచ్ మాత్రం కొనాల్సి రావచ్చు. దాన్ని ఒక్కతే కొనకుండా ప్రాజెక్టు చేసే నలుగురూ కలిసి ఒక సీసా తెప్పించుకోమనండి, ఒక్క ప్రాజెక్టుకు పట్టేది మిల్లీగ్రాముల్లోనే.