అంకెల స్ట్రింగ్‌ను ఐపీ అడ్రస్‌లుగా విడగొట్టడం ఎలా?

చుక్కల్లేని అంకెల స్ట్రింగ్ (అక్షరాల వరస) ఇచ్చి, దాన్నుంచి వచ్చే సరైన ఐపీవీ4 అడ్రస్‌లన్నీ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే, చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు) రాబట్టమంటే ఎలా? అమీర్‌పేట కోచింగుల్లో చాలామందికి టెన్షన్ పెట్టే ప్రశ్నే, కానీ కొమ్ములు తిరిగిన ఆల్గారిథమ్ ఏమీ అక్కర్లేదు.

నాలుగు భాగాలుండాలి, ఒక్కోటి 0 నుంచి 255 లోపు ఉండాలి. ఒంటరి 0 చెల్లుతుంది, 08 చెల్లదు. కొన్ని ప్రోగ్రాములు ముందు సున్నా ఉంటే ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే సంఖ్య) అనుకుంటాయి, వాటికి 010 అంటే 8. అందుకే ఈ పట్టింపు.

మాదాపూర్ పిన్‌కోడ్ 500081 తీసుకోండి. మొదటి భాగం 5 అయితే, తర్వాత వరసగా 0, 0 తప్పవు. చివరికి 081 మిగులుతుంది, చెల్లదు. 50 అయితే 50.0.0.81 వస్తుంది. 500 అయితే 255 దాటింది. కాబట్టి జవాబు ఒక్కటే.

కోడ్‌లోనూ ఇంతే: ఒకటి, రెండు, మూడు అంకెలు తీసుకుని చూడటం, కుదిరితే మిగతా స్ట్రింగ్‌తో రికర్షన్ (ఫంక్షన్ తనను తానే మళ్లీ పిలుచుకోవడం), కుదరకపోతే వెనక్కి రావడం. మిగిలిన అంకెలు మిగిలిన భాగాల కంటే తక్కువైనా, వాటికి మూడు రెట్లు దాటినా అక్కడే ఆపేయండి. మొదటి మూడు భాగాల పొడవులకు గరిష్ఠంగా 27 కలయికలే కాబట్టి మూడు లూపులు రాసినా తప్పు లేదు. నాకైతే రికర్షనే చదవడానికి హాయి.

ఒక్కటి మాత్రం మరవకండి: సున్నా పరీక్ష స్ట్రింగ్ మీదే చేయాలి. పైథాన్‌లో 081ని ముందే ఇంటీజర్‌గా మారిస్తే 81 అయిపోయి, తప్పు అడ్రస్ దర్జాగా జాబితాలో చేరుతుంది.