ఉద్దానంలో విజ్లర్ ఎందుకు వినపడదు?

ప్రశ్న: వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) రిసీవర్ కట్టి, కవిటి దగ్గర కొబ్బరితోటలో రాత్రంతా రికార్డు చేశాం. టపటపలు, 'టియూ' మనే చిన్న చప్పుళ్లు వచ్చాయి గానీ విజ్లర్ (ఈలలా వినపడే పిడుగు తరంగం) ఒక్కటీ రాలేదు. సర్క్యూట్లో లోపమా?
– డిగ్రీ విద్యార్థులు, సోంపేట

జవాబు: టపటపలు పిడుగుల రేడియో చప్పుళ్లు; అవి వచ్చాయంటే సర్క్యూట్ బాగానే ఉంది. తోట మాత్రం మార్చండి. చెట్లు నిలువు విద్యుత్ క్షేత్రాన్ని నేలకు దించేస్తాయి. బయలు పొలమో, బారువ తీరమో మేలు.

అయినా విజ్లర్ మీద ఆశ పెట్టుకోకండి. పిడుగు తరంగంలో కొంత అయనోస్ఫియర్‌ను (పై వాతావరణంలోని విద్యుదావేశిత పొరను) దాటి, భూమి అయస్కాంత బలరేఖ వెంబడి మాగ్నెటోస్ఫియర్‌లో (ఆ పొరకు పైన, భూమి అయస్కాంత క్షేత్రం ఏలే చోట) ప్రయాణించి, రెండో అర్ధగోళంలో దిగుతుంది. దారిలోని ప్లాస్మాలో (ఎలక్ట్రాన్లు, అయాన్ల వాయువులో) ఎక్కువ ఫ్రీక్వెన్సీ ముందు చేరుతుంది, తక్కువది వెనకబడుతుంది. అందుకే ఒక్క 'టప్' కాస్తా కిందికి జారే ఈల అవుతుంది. ఎంత ఆలస్యమో కావాలంటే డిస్పర్షన్‌ను (ఈల ఎంత సాగిందో చెప్పే అంకెను) హెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీ వర్గమూలంతో భాగించాలి: డిస్పర్షన్ 50 అయితే 4 కిలోహెర్ట్జ్‌కు 0.79 సెకను, 1 కిలోహెర్ట్జ్‌కు 1.58. ఉపగ్రహాలు ఎగరకముందే, 1953లో, స్టోరీ అనే శాస్త్రవేత్త ఈలలను బట్టే మాగ్నెటోస్ఫియర్ అంత ఎత్తులోనూ ఎలక్ట్రాన్లున్నాయని తేల్చాడు.

మీ అయస్కాంత అక్షాంశం (అయస్కాంత మధ్యరేఖ నుంచి దూరం) 10 డిగ్రీలకు అటూఇటూ. భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లను కాస్ 10 వర్గంతో భాగించి, వచ్చినదాంట్లోంచి 6371 తీసేయండి: సుమారు 200 కిలోమీటర్లు. మీ బలరేఖ శిఖరం అంతే! అయనోస్ఫియర్‌లోనే లేచి అక్కడే వంగిపోతుంది. మన దేశంలో విజ్లర్లు దొరికింది ఇంకా ఉత్తరాన, వారణాసి, నైనితాల్, గుల్మార్గ్‌లలో.

ఆ 'టియూ' పేరు ట్వీక్. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ స్పెక్ట్రోగ్రామ్‌లో (ఏ సమయాన ఏ ఫ్రీక్వెన్సీ ఉందో చూపే బొమ్మలో) కొక్కెంలా ఉంటుంది, తోక 1.7 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. కాంతి వేగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లను ఆ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు 3,400 హెర్ట్జ్‌తో భాగిస్తే 88. ఆ రాత్రి అయనోస్ఫియర్ అడుగు అన్ని కిలోమీటర్ల ఎత్తున ఉందన్నమాట. విజ్లర్ కన్నా మీకు ఇదే పని.

ప్రశ్న: రికార్డింగంతా 'గుయ్' మంటోంది. పైన 18 కిలోహెర్ట్జ్ దగ్గర చెరగని గీత. రెండూ కరెంటు గోలేనా?
– పాఠకుడు, బొబ్బిలి

జవాబు: గీత కరెంటుది కాదు. తిరునల్వేలి దగ్గర నౌకాదళ ట్రాన్స్‌మిటర్ 18.2 కిలోహెర్ట్జ్‌లో జలాంతర్గాములకు పంపే సంకేతం. ఉండనివ్వండి, రిసీవర్ పనిచేస్తోందో లేదో అదే చెబుతుంది. ఎంపీత్రీలో దాస్తే మాత్రం 16 కిలోహెర్ట్జ్ పైన కోసేసి దాన్ని మాయం చేయవచ్చు. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తో వేవ్ ఫైలుగా దాయండి.

'గుయ్' కరెంటుదే: 50 హెర్ట్జ్, దాని గుణిజాలు. తీగలకు అర కిలోమీటరైనా దూరం జరగండి. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి, ఎర్త్ రాడ్‌ను తడినేలలో దించండి. ఉరుము వినపడిందా, యాంటెనా వదిలేసి ఇంట్లోకి నడవండి.