బ్యూక్ వ్యాగన్‌కి కాడిలాక్ ముఖం పెడితే చట్టం ఊరుకుంటుందా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. 1995 బ్యూక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్ వ్యాగన్ కొన్నాను. ఇంజిన్ బాగుంది, లోపల మాత్రం అంతా చిరిగిపోయింది. అదే ఏడాది కాడిలాక్ ఫ్లీట్‌వుడ్ ఒకటి తక్కువకే దొరికింది. దాని గ్రిల్, లెదర్ సీట్లు, మీటర్ బోర్డు, ఎంబ్లమ్‌లు తీసి దీనికి పెట్టించి లగ్జరీ బండిగా చేయించుకోవాలని ఉంది. షాపు వాళ్లు అంతా మేం చూసుకుంటాం అంటున్నారు. పోలీసులతో ఏమైనా ఇబ్బంది వస్తుందా? రేపు అమ్మాల్సి వస్తే కాడిలాక్ అని అమ్మొచ్చా?

జవాబు: చేయించుకోండి, మీ బండి మీ ఇష్టం. కాడిలాక్ అని మాత్రం అమ్మకండి. మీరు ఎంత ఖర్చు పెట్టినా, చూసినవాళ్లు ఎంత మోసపోయినా, కాగితం మీద అది బ్యూకే. టైటిల్‌లో (బండి ఓనర్ ఎవరో చెప్పే పత్రంలో) బ్యూక్, రిజిస్ట్రేషన్‌లో బ్యూక్, ఇన్సూరెన్స్‌లో కూడా బ్యూకే ఉండాలి.

ముందు విన్ నంబర్ (ప్రతి బండికీ ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు నంబర్) సంగతి. ముందు అద్దంలోంచి కనిపించే ఆ చిన్న పట్టీని ఎవరూ ముట్టుకోకూడదు. డాష్‌బోర్డు విప్పే పని ఉంది కాబట్టి ఈ మాట షాపు వాళ్లకు మొదటి రోజే చెప్పండి. ఆ నంబర్‌ను కావాలని తీసేయడం, చెరపడం, మార్చడం ఫెడరల్ నేరం, అమెరికా చట్టాల సంపుటి (యూఎస్ కోడ్) టైటిల్ 18 సెక్షన్ 511 కింద అయిదేళ్ల దాకా జైలు. నిజమైన రిపేరు కోసం తప్పనిసరిగా తీయాల్సి వస్తే మినహాయింపు ఉంది కానీ, రోడ్డు పక్కన ఆపిన పోలీసుకి ఆ మినహాయింపు గురించి లెక్చర్ ఇచ్చే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవడం? ఫ్లీట్‌వుడ్ టైటిల్ కూడా మీ చేతికి వస్తుంది కదా, దాని నంబర్ పట్టీ తెచ్చి వ్యాగన్‌కి పెడితే కాగితం మీద కూడా కాడిలాక్ అయిపోతుంది అని ఎవరైనా సలహా ఇస్తే ఆ షాపు గడప మళ్లీ తొక్కకండి. విడిభాగాలు తీసేశాక మిగిలిన డొల్లను దాని టైటిల్‌తో సహా స్క్రాప్‌కి ఇచ్చేసి రసీదు దాచుకోండి. మీ బండిలో ఉన్న ప్రతి కాడిలాక్ ముక్క ఎక్కడిదో రేపు చూపించడానికి ఆ రసీదే ఆధారం.

మీరు మామూలుగా అడిగేసిన మీటర్ బోర్డు విషయం, నా దృష్టిలో అన్నిటికంటే చిక్కైనది. ఫ్లీట్‌వుడ్ మీటర్ పెడితే దాని ఓడోమీటర్ (మొత్తం తిరిగిన మైళ్లు చూపించేది) కూడా వస్తుంది, అంటే మీ బండి లక్షన్నర మైళ్లు తిరిగి ఉండొచ్చు, మీటర్ మాత్రం అరవై వేలు చూపిస్తుంది. చట్టం ఏమంటుందంటే, మీటర్ మార్చినప్పుడు పాత రీడింగే కొత్తదాంట్లో ఉంచగలిగితే అదే ఉంచాలి. కుదరకపోతే సున్నాకి తిప్పి, మార్చక ముందు ఎన్ని మైళ్లు, ఏ తేదీన మార్చారు అన్నది రాసి ఎడమ డోర్ ఫ్రేమ్‌కి అతికించాలి. 2010, అంతకు ముందు మోడళ్లను అమ్మేటప్పుడు ఫెడరల్ మైలేజీ డిక్లరేషన్ అక్కర్లేదు అని ఎవరో ఒకరు మీకు చెబుతారు. నిజమే, కానీ అది ఆ కాగితానికే. తప్పుడు రీడింగ్ చూపించి మోసం చేయడానికి మినహాయింపు లేదు. మోసపోయిన కొనుగోలుదారు కోర్టుకెళ్తే నష్టానికి మూడింతలు గానీ 10,000 డాలర్లు గానీ, ఏది ఎక్కువైతే అది కట్టాల్సి వస్తుంది. పని మొదలుపెట్టే ముందే పాత మీటర్‌కి ఫోటో తీసి పెట్టుకోండి.

ఎంబ్లమ్‌లు? మీరు నడుపుకునే బండికి అసలైన పాత కాడిలాక్ ఎంబ్లమ్ పెట్టుకుంటే ట్రేడ్‌మార్క్ కేసు వస్తుందని నేను భయపెట్టను. ఆ చట్టం చూసేది వ్యాపారాన్ని. 1976లో జార్జియాలోని ఫెడరల్ కోర్టు ఫోక్స్‌వ్యాగన్‌ని రోల్స్ రాయిస్‌లా కనిపించేలా చేసే గ్రిల్, బానెట్ మీది బొమ్మ ఉన్న కిట్లు అమ్మిన కంపెనీని తప్పుపట్టింది. 1991లో ఫెరారీ నకళ్లు తయారుచేసిన వ్యక్తి, మా కొనుగోలుదారులకు ఇవి నకళ్లని తెలుసు కదా అని వాదించినా అప్పీల్ కోర్టు ఒప్పుకోలేదు, రోడ్డు మీద చూసేవాళ్లు పొరబడినా చాలంది. కాబట్టి ఇది బాగుంది, ఇంకో నాలుగు చేసి అమ్ముదాం అనిపిస్తే అక్కడితో ఆగి లాయర్‌ని కలవండి.

ఇంజిన్ జోలికి వెళ్లొద్దు. 1995లో ఈ రెండింటిలోనూ ఉన్నది అదే 5.7 లీటర్ల వీ8, మార్చి సాధించేదేమీ లేదు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో కాలుష్యం తగ్గించే భాగం) తీసేస్తే మంచి సౌండ్ వస్తుందని ఎవరన్నా అంటే వినకండి, సొంత బండి అయినా అది ఫెడరల్ కాలుష్య చట్టానికి విరుద్ధం.

సీట్లు, స్టీరింగ్ మార్చేటప్పుడు ఎయిర్‌బ్యాగ్‌లు, బెల్టులు పనిచేయకుండా చేయడం రిపేరు షాపుకి నిషేధం (యూఎస్ కోడ్ టైటిల్ 49, సెక్షన్ 30122). ఆ సెక్షన్ ఓనర్‌కి వర్తించదు, కానీ ప్రమాదంలో మీ పక్క సీట్లో కూర్చున్నవాళ్లకి దెబ్బ తగిలితే దావాలో మొదటి పేరు మీదే ఉంటుంది. బెల్టులు ఫ్యాక్టరీ పాయింట్లకే బిగించాలని కాంట్రాక్టులో రాయించండి.

మేం చూసుకుంటాం అన్న మాటని కాగితం మీద పెట్టించండి. ఏ పనికి ఎంత, ఎప్పటికి పూర్తి, అదనపు ఖర్చుకి మీ సంతకం తప్పనిసరి అని. బిల్లు మీద గొడవొస్తే షాపు వాళ్లు బండిని వదలకుండా పట్టుకునే లీన్ హక్కు చాలా రాష్ట్రాల్లో ఉంది, కాబట్టి డబ్బు పని జరిగినకొద్దీ ఇవ్వండి. బాడీ బాగా మారితే కొన్ని రాష్ట్రాలు మళ్లీ తనిఖీ అడుగుతాయి, మీ డీఎంవీలో (బళ్ల రిజిస్ట్రేషన్ చూసే రాష్ట్ర ఆఫీసులో) ముందే కనుక్కోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పులన్నీ రాసిచ్చి, అగ్రీడ్ వాల్యూ పాలసీ (బండి విలువ ముందే ఒప్పుకుని రాసుకునేది) అడగండి. లేదంటే బండి పోయిన రోజున వాళ్లు మీకు పాత బ్యూక్ వ్యాగన్ ధరే లెక్కగట్టి ఇస్తారు.

అమ్మే రోజు ప్రకటనలో ఇలా రాయండి: "1995 బ్యూక్ రోడ్‌మాస్టర్ ఎస్టేట్, కాడిలాక్ ఫ్లీట్‌వుడ్ భాగాలతో కస్టమ్ చేసినది, మీటర్ మార్చబడింది." ఇలాంటి బళ్లంటే పిచ్చి ఉన్నవాళ్లు ఈ వాక్యం చూసే వస్తారు.