ఒక్క రేసూ గెలవని సైక్లిస్టు ప్రొఫెషనల్‌గా ఎలా కొనసాగుతాడు?

కొనసాగగలడు, ఎందుకంటే రోడ్ రేసింగ్‌లో చాలామంది రైడర్ల ఉద్యోగం గెలవడం కాదు, తమ జట్టు లీడర్‌ను గెలిపించడం. వీళ్లను ‘డొమెస్టిక్’ అంటారు. ఫ్రెంచ్‌లో ఆ మాటకు పనివాడు అని అర్థం.

దీనికి కారణం గాలి. సమతల రోడ్డు మీద వేగంగా తొక్కేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడి చక్రం వెనకే అంటిపెట్టుకుని వెళ్తే ఆ శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే ఫ్రాన్స్‌లో మూడు వారాలు సాగే టూర్ డి ఫ్రాన్స్ రేసులో ఒక్కో జట్టు నుంచి 8 మంది దిగితే, లీడర్ తప్ప తక్కినవాళ్లు వంతులవారీగా గాలికి అడ్డం నిలిచి లీడర్ కాళ్లను చివరి కొండ దాకా తాజాగా ఉంచుతారు. టీమ్ కారు నుంచి నీళ్ల సీసాలు తెచ్చిస్తారు. లీడర్‌కు పంక్చరైతే తమ చక్రమే విప్పి ఇచ్చేస్తారు!

అమెరికన్ రైడర్ సెప్ కుస్‌ను చూడండి. 2023లో ఇటలీ రేసు జిరో డి ఇటాలియాలో తన జట్టు లీడర్ రోగ్లిచ్ కోసం, టూర్‌లో అదే జట్టులోని మరో లీడర్ వింగెగార్డ్ కోసం పనిచేశాడు. ఇద్దరూ గెలిచారు. అదే ఏడాది స్పెయిన్ రేసు వుయెల్టా టైటిల్ కుస్‌కే దక్కింది, ఆ ఇద్దరూ అతని వెనక 2, 3 స్థానాల్లో నిలిచారు. అంత సత్తా ఉన్నవాడే అన్నేళ్లూ సహాయకుడిగా ఉన్నాడు. కాబట్టి వెనకబడిన రైడర్ బలహీనుడనుకోవడం పొరపాటు, చాలాసార్లు అతను తన పని పూర్తిచేసి పక్కకు తప్పుకున్నాడంతే.

బహుమతి డబ్బే వీళ్ల బతుకుదెరువు అనుకోవడమూ తప్పే. అసలు ఆదాయం జట్టు కాంట్రాక్టు జీతం. టూర్ విజేత కూడా ఆనవాయితీగా ప్రైజ్ మనీని సహచరులకు పంచేస్తాడు.