లేడీ మాక్‌బెత్ చేతులకి పారాణి

షేక్‌స్పియర్ నాటకాల్ని మన భాషల్లో ఆడినప్పుడు గుర్తుండిపోయిన నటులెవరు, వేషాలు ఎలా ఉండాలి అని అడిగారు. మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. ఇక్కడి తెలుగువాళ్ళం కొంతమందిమి కలిసి మాక్‌బెత్ ఆడాం. బట్టల పని నా మీద పడింది కాబట్టి ఎక్కువగా వాటి గురించే చెప్తాను.

నటుల్లో మొదటి పేరు బళ్ళారి రాఘవ గారిదే. వృత్తి వకాలతు. షేక్‌స్పియర్ పాత్రల్లో ఒథెల్లో, షైలాక్ వేశారు. 1946లో పోయారు, అంచేత మేం విన్నదంతా పెద్దల నోటే. గంటల తరబడి రాగాలు తీసే రోజుల్లో మాటకీ మొహానికీ విలువ తెచ్చారు. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలన్నారు. మా లేడీ మాక్‌బెత్, అంటే రాజుని చంపమని మాక్‌బెత్‌ని ఉసిగొల్పే అతని భార్య, ఒక స్కూలు టీచరమ్మ. వాళ్ళింట్లో ఒప్పించడానికి వెళ్ళినప్పుడు నేను ఆయన పేరే చెప్పాను.

వేషాల్లో నా మనసులోంచి పోనిది మాత్రం ఇంగ్లీషు నటి ఎలెన్ టెర్రీ గౌను. 1888లో లండన్ లైసియం థియేటర్‌లో ఆవిడ లేడీ మాక్‌బెత్‌గా వేసుకున్న ఆకుపచ్చ గౌను అది. దాని మీద దాదాపు 1000 పురుగు రెక్కలు కుట్టారు. ఏ పురుగనుకున్నారు? మన జీరంగి జాతిదే! చిన్నప్పుడు తుమ్మచెట్టు మీంచి పట్టి, అగ్గిపెట్టెలో ఆకులేసి, మూత కొంచెం తెరిచి మాటిమాటికీ చూసుకునేవాళ్ళం కదా, అదే. ఆ పచ్చదనం అద్దిన రంగు కాదు, రెక్క పొరల మీద వెలుగు ఆడితే పుట్టే మెరుపు. అందుకే వెలిసిపోదు. ఆ బట్ట చూస్తే పాము పొలుసులూ గుర్తుకు రావాలి, యుద్ధంలో తొడిగే కవచమూ గుర్తుకు రావాలి అని కుట్టించిన ఆలిస్ కామిన్స్ కార్ ఉద్దేశం. పాత్ర ఎలాంటిదో నోరు విప్పకముందే తెలిసిపోతుంది. చిత్రకారుడు సార్జెంట్ ఆ వేషంలోనే ఆవిడ బొమ్మ గీశారు, గౌను కూడా ఇప్పటికీ భద్రంగా ఉంది.

మేం మొదట్లో ఇవేమీ ఆలోచించలేదు. అద్దెకి వెల్వెట్ అంగీలు తెచ్చాం. మే నెల, రేకుల షెడ్డు. మా మాక్‌బెత్ రెండో రంగానికే చెమటతో తడిసి ముద్దయిపోయాడు. సింహాసనం ఎక్కబోతే అంగీ అంచు మేకుకి పట్టుకుని భుజం దగ్గర చిరిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

రెండో ప్రదర్శనకి ఊళ్ళో దొరికేవే పెట్టాం. మగాళ్ళకి బరంపురం పట్టు జోడు, పంచే కండువా. కుంభం అంచు, అదే గుడి గోపురాల్లాంటి నేత అంచు, వెడల్పుగా కనపడేలా కండువా భుజం మీద వేస్తే వెల్వెట్ ఎక్కడ సరిపోతుంది? నడక కోసం మాక్‌బెత్‌ని మా గంజాం జానపద నాటకం, ప్రహ్లాద నాటకానికి తీసుకెళ్ళాను. అక్కడ హిరణ్యకశిపుడు మెట్లమెట్ల వేదిక మీద పైకెక్కి కిందకి దిగే తీరు చూశాక మావాడి రాజసమే మారిపోయింది. బట్ట కుట్టించే ముందు ఆ నటుడు ఎలా కూర్చుంటాడో, ఎలా నడుస్తాడో చూడండి. కొలతలు ఆ తర్వాత.

ఇక లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ, చేతులకి హత్య నెత్తురు అంటి పోవట్లేదని రుద్దుకునే ఘట్టం. నెత్తురుకి కుంకుమ నీళ్ళు వాడితే ఆరాక పొడి రాలుతోంది. మా మామ్మ "పారాణి పెట్టరా" అంది. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు. పెళ్ళికూతురి పాదాలకి పెట్టేది ఈ అమ్మాయి అరచేతులకి రాశాం. తెల్ల నేత చీర, జుట్టు విరబోసి, నగ ఒక్కటీ లేకుండా వచ్చింది. ఎంత రుద్దినా చేతులు అలాగే ఎర్రగా ఉన్నాయి. ముందు వరసలో ఆడవాళ్ళకి అది పారాణి అని వెంటనే తెలిసింది. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తెర దించాక టీచరమ్మ చేతులు చాపి "అన్నయ్యా, రేపు పొద్దున్న క్లాసుంది, ఇది పోతుందా?" అంది. నిమ్మచెక్క ఇచ్చాను. ఎరుపు విరిగి మళ్ళీ పసుపయింది. ఆ పసుపు మూడు రోజులుంది.