రాట్‌వైలర్ కుక్కని విడిపించి తెచ్చుకున్న, నా మీద కేసు అయితదా?

హన్మకొండ నుంచి ఒక తమ్ముడు రాసిండు: "వకీల్ సాబ్, పక్కింట్ల కిరాయికున్నోళ్లు ఖాళీ చేసి పోతూ వాళ్ల రాట్‌వైలర్‌ని వెనక రేకుల షెడ్డుల గొలుసేసి వదిలేసి పోయిన్రు. ఫోన్ చేస్తే ఎత్తుతలేరు. రెండు రోజులు చూసి గోడ దూకి తెచ్చుకున్న. కరీంనగర్‌ల దోస్తు సాదుకుంటా అంటున్నడు. గల్లీ వాళ్లేమో అది బ్యాన్ అయిన కుక్క, పోలీసులకు చెప్తం అంటున్రు. రేపు పాత ఓనర్ వచ్చి నాది నాకియ్యి అంటే ఎట్ల?"

తమ్మీ, ముందు బ్యాన్ సంగతి. 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ ఒక సర్కులర్ పంపింది, పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి 23 రకాల కుక్కల దిగుమతి, బ్రీడింగ్, అమ్మకం ఆపాలె, ఇప్పటికే సాదుకుంటున్న వాటికి పిల్లలు కాకుండ ఆపరేషన్ చేయించాలె అని. ఆ ఏప్రిల్‌లనే కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. గల్లీల తిరిగే వాట్సాప్ మెసేజ్ ఆ మార్చిదే, ఏప్రిల్ ముచ్చట దాంట్ల ఉండదు. అయితే ఉత్తరప్రదేశ్‌ల గాజియాబాద్ కార్పొరేషన్ 2022ల సొంతంగ బ్యాన్ పెట్టింది, అట్ల ఏ ఊరి కార్పొరేషన్ రూల్ దానిదే కాబట్టి కరీంనగర్ పంపే ముందు అక్కడి బల్దియాల లైసెన్స్ గురించి మీ దోస్తుని అడగమను.

గోడ దూకిన సంగతికి భయపడకు. క్రిమినల్ ట్రెస్‌పాస్, అంటే ఇంకొకరి జాగల చొరబడిన నేరం కావాలంటే నేరం చేద్దామనో, ఇంటోళ్లను సతాయిద్దామనో ఉద్దేశం ఉండాలె. నువ్వు పంపిన ఫోటోల గొలుసు ఒరుసుకుని మెడ మీద బొచ్చు ఊడి పచ్చిపుండు అయింది, పక్కన నీళ్ల గిన్నె బోర్ల పడి ఎండిపోయి ఉంది, నీ ఉద్దేశమేందో ఆ ఫోటోనే చెప్తది, డిలీట్ చేయకు. అట్ల ఆకలికి వదిలేసి పోవుడు 1960 జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం, మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అవును, యాభయ్యే, హన్మకొండ చౌరస్తాల టిఫిన్ కూడ రాదు దానికి.

అసలు చిక్కు ఓనర్‌తోటి. చట్టం లెక్కల కుక్క కూడ సొత్తే, దొరికింది కదా అని మనది కాదు. కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 71 ప్రకారం దొరికిన వస్తువుని ఇంటికి తెచ్చుకున్నోడు దాన్ని ఓనరే నమ్మి అప్పగించినట్టు జాగ్రత్తగ చూస్కోవాలె. ఓనర్ ఎవరో తెలిసి కూడ చెప్పకుండ ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 314, అంటే ఇంకొకరి సొత్తు కాజేసిన కేసు, నీ మీదికే వస్తది. అందుకే ఈరోజే ఆయనకు మెసేజ్ పెట్టు, "మీ కుక్క నా దగ్గర ఉంది, తీస్కపోతరా లేకపోతే రాసిస్తరా" అని. ఇంటి ఓనర్ దగ్గర కొత్త అడ్రస్ ఉంటది, అడుగు. జవాబు రాకపోతే స్టేషన్‌ల ఒక దరఖాస్తు ఇచ్చి రెండో కాపీ మీద స్టాంప్ ఏయించుకో. కుక్క ఓనర్ నాకొద్దంటే మాత్రం నోటిమాట నమ్మకు, బాండ్ పేపర్ మీద సంతకం తీస్కో.

దోస్తుకి ఇచ్చేటప్పుడు పైసలు తీస్కోకు, అమ్మకం కింద లెక్క కడతరు. కాయితం మీద ఇద్దరి ఆధార్ నంబర్లు, రేబిస్ టీకా తేదీ, ఇంకా ఇదివరకు ఎవరినన్న కరిచిందా అన్నది కూడ రాయి, దాచకు. ఎందుకంటే కుక్క ఎవరి చేతుల ఉంటే జాగ్రత్త వాళ్లదే, నిర్లక్ష్యంతోటి ఎవరికన్న ప్రమాదమైతే న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల దాక జైలు, 5,000 దాక జరిమానా, లేకపోతే రెండూ, నష్టపరిహారం దావా వేరే. నా దగ్గరికొచ్చిన కరిచిన కేసులల్ల జాతి మీద వాదన తక్కువ, గేటు ఎవరు తీసి పెట్టిన్రు అన్నదాని మీదనే కొట్లాటంత. బయటికి తీస్కపోతే మూతికి మజిల్, మెడకు గట్టి బెల్ట్ ఉండాలె.

ఇంకొకటి, మీ దోస్తుది కిరాయి ఇల్లయితే అగ్రిమెంట్‌ల పెంపుడు జంతువులు వద్దని ఉందేమో చూడమను. ఉంటే కుక్కని పంపకముందే ఇంటి ఓనర్ దగ్గర ఒప్పుకుంటున్న అని రాయించుకోమను.