పాత అంబాసిడర్‌కి ప్యాకింగ్ ఒక్కటే మారిస్తే సరిపోదు

పాత కారుకి ఎగ్జాస్ట్ గ్యాస్కెట్, అంటే ఇంజన్‌కీ పొగ బయటికెళ్లే భాగానికీ మధ్య పొగ కారకుండా వేసే ప్యాకింగ్, ఇంట్లోనే మార్చుకోవచ్చా అని అడిగారు. మార్చుకోవచ్చు. మా నాన్నగారి పెట్రోల్ అంబాసిడర్‌కి నేనే మార్చాను. కాకపోతే మా విశాఖలో ప్యాకింగ్ మార్చడం గంట పని, దాన్ని పట్టుకున్న స్టడ్లు (నట్లు బిగించే మరల కడ్డీలు) ఊడదీయడం రోజుల పని. బీచ్ దగ్గర ఇల్లు, ఇరవై నాలుగు గంటలూ ఉప్పుగాలి.

పొద్దున్న స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చేది, ఇంజన్ వేడెక్కాక తగ్గేది. ప్యాకింగ్ పోయిన సందులోంచి పొగ తన్నుకొచ్చే చప్పుడది, వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి తగ్గుతుంది. ఒక మెకానిక్ టాపెట్లని (ఇంజన్ వాల్వులని కదిపే భాగాలు) చెప్పి అవి సర్ది డబ్బులు తీసుకున్నాడు. ఇంకొకతను సందులో సిలికాన్ పేస్టు పూశాడు. ఆ వేడికి మామూలు పేస్టు ఎక్కడ ఆగుతుంది? వారానికే మాడి రాలిపోయింది. బండి కింద పది నిమిషాలు పడుకుని చూసే ఓపిక ఎవరికీ లేదు, నాకు మండేది అక్కడే.

ఒక వానరోజు అమ్మని సింహాచలం తీసుకెళ్లాను. అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. కొండ ఎక్కుతుండగానే అమ్మ తల పట్టుకుంది, "కడుపులో తిప్పుతోందిరా" అంది. బండి పక్కకి ఆపి తలుపులన్నీ తీసేశాను. ఆ సందులోంచి కారే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు. కాబట్టి చప్పుడే కదా అని ఊరుకోకండి.

మూడు రాత్రులు నట్లకి తుప్పు వదిలించే నూనె పట్టించాను. అయినా వెనక చివరి స్టడ్ విరిగింది. కంచరపాలెం నుంచి ఒక పెద్ద మేస్త్రి గారు వచ్చి, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేశారు. "బలం పెట్టకు బాబూ, వేడి పెట్టు" అంటూ పానాతో అటూ ఇటూ కొంచెం కొంచెం కదిపితే, ముక్క మరలో నుంచి మెల్లగా తిరిగి వచ్చేసింది. డ్రిల్ పెట్టి ఉంటే ఆ స్టడ్ దిగి ఉన్న హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం, పాడయ్యేది.

అసలు దోషం తర్వాత బయటపడింది. మేనిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగని గొట్టంలోకి పంపే ఇనుప భాగం) ముఖం మీద స్టీలు స్కేలు ఆనిస్తే మధ్యలో వెలుతురు కనిపించింది, వంగిపోయింది! ఎన్ని ప్యాకింగ్‌లు వేసినా పోయేవే. ఆటోనగర్ లేతు షాపులో ముఖం చదునుగా అరగదీయించాను. ఈ 1489 సీసీ ఇంజన్‌లో గాలి లోపలికెళ్లే మేనిఫోల్డ్, పొగ బయటికొచ్చే మేనిఫోల్డ్ ఒకే పక్కన, ఒకే ప్యాకింగ్ మీద ఉంటాయి, రెండు అంచులనీ ఒకే మందపాటి వాషర్ నొక్కుతుంది. ఒకదాన్ని ఎక్కువ అరగదీస్తే వాషర్ ఒరిగి ఒక పక్కే పట్టుకుంటుంది. మందాలు సరిచూసుకోండి.

పాత ప్యాకింగ్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి చేటు, అందుకే తడిపి గీకండి, గాలి కొట్టి ఊదకండి. నట్లు ఇత్తడివి వేయండి, మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు తేలిగ్గా వస్తాయి. బిగింపు మధ్య నుంచి చివరలకి. ఒకసారి ఇంజన్ బాగా వేడెక్కి చల్లారాక మళ్లీ బిగించండి. నాకు ఆ రెండో బిగింపులో పావు చుట్టు తిరిగింది. మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేస్తే టిక్కుమన్న చప్పుడే లేదు, అమ్మని మళ్లీ అదే కొండకి తీసుకెళ్లాను.